ఈగలమ్మ వంట

జావ అడుగంటబోతోంది. ఆమె మంట తగ్గించి, గరిటె అడుగుదాకా దించి తిప్పింది. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు. పెద్ద బుడగ ఒకటి లేచి టప్పున పేలింది. బల్ల మీద గాజుసీసాలు నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి.

పనీపాటా లేనివాళ్ళను ఈగలు తోలుకుంటున్నారంటారు. ఈమెకు మాత్రం విశ్వవిద్యాలయం జీతమిచ్చి మరీ ఈగలకు వండిస్తోంది. అరటిపండు మీద ముసిరే నలుసంత ఈగలు. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకెలా వస్తాయో తేల్చడానికి పై అంతస్తులో వాటిని పెంచుతారు. అక్కడి విద్యార్థులు తలా ఒక దేశం, తలా ఒక భాష. ఎవడో సరదాకి పెట్టిన ‘ఈగలమ్మ’ అన్న పేరు మాత్రం అందరి నోటా పలుకుతుంది. “ఇంట్లో ఈగ వాలితే చీపురు తీస్తారు మా అత్తగారు, అక్కడేమో వాటికి విందులు!” అని కోడలు నవ్వుతుంది.

ఇన్నేళ్ళూ ఆమెకు తీరని సందేహం ఒక్కటే. అవి తన వంట తింటున్నాయా, ఊరికే వాలి లేస్తున్నాయా? కొత్తల్లో ఒక ప్రొఫెసరుగారిని అడిగితే, “తర్వాత చూపిస్తాలే” అన్నాడు. ఆయన రిటైరైపోయాడు. ఈ రోజుతో ఆమె కూడా రిటైరవుతోంది. చెబితే ఉపన్యాసాలూ ఫొటోలూ తప్పవని పై అంతస్తులో ఎవరికీ చెప్పలేదు. కానీ ఇవాళ అడగకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

సాయంత్రం సీసాల ట్రే పైకి తీసుకెళ్ళింది. మైక్రోస్కోపు ముందు ఒక పొడుగుపిల్ల ఒంటరిగా కూర్చుని ఉంది.

“అమ్మాయ్, నవ్వనంటే ఒకటడుగుతా. ఇవి నిజంగా తింటాయా?”

పిల్ల నవ్వలేదు. “నాకూ అదే కావాలి ఈగలమ్మా. అందుకే నిన్న మీ జావలో నీలంరంగు కలిపా. రండి, కళ్ళజోడు తీసి చూడండి.”

ఆమె సీసాలు బల్ల మీద దించి, చేతులు తుడుచుకుని వంగింది. మొదట ఏమీ కనబడలేదు. పిల్ల మర తిప్పగానే వెలుగులో ఒక మృగం ప్రత్యక్షమైంది. ఎర్రటి కళ్ళు, ఒంటినిండా వెంట్రుకలు, మత్తుమందుకు ముడుచుకున్న కాళ్ళు. పలచటి చర్మం కింద, పొట్ట నిండా నీలం.

“అమ్మో, ఎంత తినేసిందే! ఇంకోటి చూపించు.”

ఇంకోటి, మరోటి. ఒకదాని పొట్ట మాత్రం ఖాళీగా ఉంది.

“ఇదెందుకు తినలేదే? ఒంట్లో బాలేదా?”

“తెలీదు. అది తేల్చడమే నా చదువు.”

“తేల్చు తల్లీ. పస్తుండటం మంచిది కాదు.” ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. ఖాళీ ట్రే చంకన పెట్టుకుని, “వెళ్ళొస్తా” అంది.

మర్నాడు పిల్ల సీసాల కోసం దిగితే, కింద వంటగది తలుపు కొత్త మనిషి తీశాడు. ఈగలమ్మ ఇక రాదని అతను చెబితేనే పిల్లకు తెలిసింది. పైకి వచ్చి చూస్తే, మైక్రోస్కోపు పక్కన మడిచి పెట్టిన కళ్ళజోడు ఉంది, ఒక అద్దం మీద ఎండిన జావ చుక్కతో.