స్తంభాన్ని కోసిన రోజు

పులిసిన పిండి వాసన కాదిది, అంతకన్నా తియ్యగా ఉంది, మురిగిన పుచ్చకాయ వాసన, అదే అయితే కుళ్ళు లోపలి దూట దాకా దిగినట్టే అనుకుంటూ మోకాళ్ళ మీద కూర్చుని స్తంభం మొదట్లో బొటనవేలితో నొక్కాను, వేలు సగం లోపలికి పోయింది, ఇరవై ఎనిమిదేళ్ళుగా పెంచుతున్నాను, దాని ఒంట్లోకి నా గోరు కూడా ఎప్పుడూ దిగలేదు, పలక మీద నోరు తిరగని పేరేదో రాసి ఉంది గానీ ఈ ఎడారి తోటలో పనిచేసే మా అందరికీ అది స్తంభమే, కొమ్మా రెమ్మా లేకుండా రెండు నిలువుల ఎత్తు లేచిన జెముడు, ఆవగింజలో సగం లేని విత్తనాన్ని నేనే ఇసకలో వేశాను, మొదటి ఏడాది బఠాణీ గింజంత, మూడో ఏడు బొటనవేలంత, ఎండకి కమిలిపోకుండా రాళ్ళ చాటున పెట్టి, కుండీలోంచి నేలలోకి మార్చినప్పుడు ఏ వైపు ఎండ చూసిందో ఆ వైపే మళ్ళీ ఎండకి తిప్పి నాటాను, పక్కలు ముడుచుకుని మడతలు పడితే దాహం, ఉబ్బి బిగుసుకుంటే చాలు అని అర్థం, అడగడమూ వద్దనడమూ అదే చెప్పేది, చూసే కళ్ళుండాలి అంతే, అమ్మా గోనెపట్టా ఇంకో చుట్టు చుట్టమంటారా అని పంపు మెకానిక్ నిచ్చెన మీద నుంచి అడుగుతున్నాడు, చుట్టు నాయనా, ముల్లు విరిగినా ఫరవాలేదు, తోలు చీరుకుపోతే అక్కడ మళ్ళీ కుళ్ళు పట్టుకుంటుంది అన్నాను, అంటే ఇంకా బతుకుతుందనే అనుకుంటున్నానన్నమాట, మంచి కండ దొరికేదాకా కోసుకుంటూ పోయి, మిగిలిన పైముక్క గాయానికి గంధకం పొడి అద్ది, నీడలో నెలన్నర ఆరబెట్టి, పొడి ఇసకలో నిలబెడితే వేళ్ళు వస్తాయి, చిన్నవాటిని అలా చాలా బతికించాను, ఇంత పెద్దదాని మీద మాత్రం రంపం పెట్టాల్సి వస్తుందనుకోలేదు.

ఏమ్మా, ఇంకా ఎంతసేపు అంటున్నాడు గొడుగు కింద నుంచి తోట ఆఫీసరు, చంకలో ఫైలు, కాళ్ళకి దుమ్మంటని బూట్లు, ఏమ్మా అట, నా తోడబుట్టినవాడు, అమ్మ పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, నాకు ఇరవై మూడు, పాలపళ్ళు ఊడిన నోటితో అన్నం నమల్లేక ఏడిస్తే మెత్తగా పిసికి పెట్టిన చెయ్యి ఇదే, నిన్న సాయంత్రం నా ఇంట్లో కూర్చుని టీ చల్లారిపోయేదాకా అక్కా అక్కా అన్నవాడు, ఈ గేటు లోపలికి రాగానే ఏమ్మా, మూడేళ్ళ కిందట బదిలీ మీద వచ్చిన మొదటిరోజే సామాన్ల గది తలుపు దగ్గరగా వేసి, అక్కా, మనం అక్కాతమ్ముళ్ళమని ఇక్కడెవరికీ తెలియకపోతే మంచిది, డ్యూటీలో మొహమాటాలు వస్తాయి అన్నాడు, ఎవరికిరా మొహమాటం అని అడగలేదు, సరేలే అన్నాను, సరేలే అనడం నాకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు, కానీ నీళ్ళ దగ్గర మాత్రం సరేలే అనలేదు, ఎవరో పెద్దలు తోట చూడ్డానికి వస్తున్నారు, అంతా పచ్చగా కనపడాలన్నారు అని స్తంభం చుట్టూ పూలమొక్కలు పెట్టించి గొట్టాలు వేయించాడు, చలికాలం, అది నిద్రపోయే కాలం, చుక్క నీరు చూపించకూడని మూడు నెలలు, రోజుకి రెండు పూటలా నీళ్ళు, వద్దు సార్ అని అందరి ముందూ చెప్పాను, వద్దురా అని విడిగా చెప్పాను, చూడమ్మా, పైవాళ్ళ ఆర్డరు అన్నాడు, మర్నాడు పొద్దున్నే వెళ్ళి నా చేత్తో వాల్వు కట్టేశాను, ఆ పై రోజు కూడా కట్టేశాను, మూడోరోజుకి వాల్వు పెట్టెకి తాళం వేయించాడు, నా కళ్ళ ముందే తాళంచెవి జేబులో వేసుకున్నాడు, నలభై రోజులు, వచ్చినవాళ్ళు పావుగంట తిరిగి ఫొటోలు దిగి వెళ్ళిపోయారు, తర్వాత రెండు నెలలకి మొదట్లో నల్ల మచ్చ.

రంపం నేను పడతాను నాయనా, ముందు మోకాలి ఎత్తులో, నువ్వు పైన కట్టిన తాడు వదలకు, రంపం కోస్తున్నట్టే లేదు, జారిపోతోంది, మొదటి బిళ్ళ పడింది, లోపలంతా గోధుమరంగు ముద్ద, ఇంకో మూరెడు పైకి, రెండో బిళ్ళ, చుట్టూ ఆకుపచ్చ, నడుమ గోధుమరంగు, లాభం లేదు, ఇంకా పైకి, ఒక్కో కోతకీ ఎన్నేళ్ళు పోతున్నాయో, ఈ ముక్క పెరిగిన ఏడే కాబోలు వాడు ఉద్యోగంలో చేరాడు, ఏమ్మా, ఈ లోపు దీని మీద ఒక సంతకం పెట్టు అని ఫైలు తెరిచి దగ్గరికొచ్చాడు, ఆ కాగితంలో ఏముందో నాకు నిన్ననే తెలుసు, మాలీ తన ఇష్టప్రకారం అధికంగా నీరు పెట్టుటవలన మొక్క నష్టపోయినది, ఎల్లుండి ఎంక్వైరీకి వస్తున్నారక్కా, నీకింక ఏడాదిన్నరే సర్వీసు, మహా అయితే ఒక మెమో ఇస్తారు, నాకైతే ప్రమోషన్ ఆగిపోతుంది, నువ్వు కాకపోతే నాకెవరున్నారు అని నిన్న నా చేతులు పట్టుకున్నాడు, ఆలోచిస్తాలేరా అన్నాను, రాత్రంతా ఆలోచించింది సంతకం గురించి కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు దానికి నీళ్ళు ఎప్పుడు పొయ్యకూడదో తెలిసిన ఒకే ఒక్క మనిషిని, నీళ్ళు పోసి చంపానని నా చేత్తోనే రాయించుకుంటాడా అని, నాకున్న చదువల్లా అదొక్కటే కదా, మూడో బిళ్ళ, నడుమ ఉంగరమంత మచ్చ, ఇంకొక్కటి, ఇంకొక్కటి చూద్దాం, నాలుగోది పడింది, వంగి చూశాను, మచ్చ లేదు, తెల్లటి దూట, తడి, శుభ్రం, పైన మిగిలింది నా భుజమంత ఎత్తు ముక్క, బతికిందమ్మా అని మెకానిక్ అరిచాడు, ఆ అరుపుకి నాలో ఏదో తెగింది, లేచి నిలబడి, నేను సంతకం పెట్టను తమ్ముడూ అన్నాను, నిదానంగానే అన్నాను, తాళం వేసింది నువ్వు, నేనెలా పోస్తాను, రేపు వచ్చినవాళ్ళకి అదే చెప్తాను తమ్ముడూ.

మెకానిక్ తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు, గడ్డి పీకుతున్న ఇద్దరాడవాళ్ళు తలలెత్తారు, వాడి మొహం ఒక్క క్షణం ఏడేళ్ళ పిల్లాడి మొహంలా అయింది, ఆ ఒక్క క్షణం అక్కా అంటాడనుకున్నాను, దేవుడా నిజంగానే అనుకున్నాను, వాడు నవ్వాడు, మెకానిక్ వైపు తిరిగి, పాపం ఎండదెబ్బ తగిలినట్టుంది, ఎవర్ని చూసి ఎవరనుకుంటోందో, నీడలో కూర్చోబెట్టండి అన్నాడు, ఫైలు మూసి, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు, తడబడలేదు, ఒక్కమాట తప్పు పోలేదు, ఎంత బాగా వచ్చిందిరా నీకీ అబద్ధం, ఎక్కడ నేర్చుకున్నావురా అని వాడి వీపుని అడుగుతూ ఉండగానే వాడి చిన్నప్పటి బడి కళ్ళ ముందు కనపడింది, సైకిలు స్టాండు, పెద్దవాళ్ళని పిలుచుకు రమ్మన్నారని పనిలోంచి అలాగే వెళ్ళాను, చీర కుచ్చెళ్ళకి మట్టి, వేళ్ళనిండా ముళ్ళు గుచ్చుకున్న నల్లటి చుక్కలు, ఇస్త్రీ బట్టల తల్లిదండ్రులు నా పక్కనించి తప్పుకుని పోతున్నారు, వాణ్ణి స్టాండు వెనక్కి లాగి, నీ తోటి పిల్లలెవరైనా అడిగితే మీ ఇంట్లో పనిచేసే మనిషినని చెప్పు అన్నాను, ఎందుకక్కా, నువ్వు అక్కవే కదా అన్నాడు, చెప్పినట్టు చెయ్యరా అన్నాను, చెప్పను అన్నాడు, నా కొంగు రెండు చేతులా పట్టుకుని చెప్పనంటే చెప్పనని ఏడ్చాడు, చెంప మీద కొట్టాను, ఏడుపు ఆపేదాకా మళ్ళీ మళ్ళీ అనిపించాను, మా అక్క కాదు, మా అక్క కాదు అని, అప్పటిదాకా వాడికి రాదు ఆ మాట, వాడికి సిగ్గు లేదు, సిగ్గంతా నాది, దాన్ని వాడి నోట్లో పెట్టి మింగించింది నేను, ఇవాళ పదిమందిలో ఒక్క తప్పు లేకుండా వాడు అప్పజెప్పింది నేను కొట్టి నేర్పిన పాఠమే.