నాలుగు లైట్లూ వేస్తే నేరుగా

డ్రైవింగ్ నేర్పడంలో మాస్టారిది ఇరవై రెండేళ్ల సర్వీసు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మొదటి రోజే ఓ పాఠం చెప్పేవారు.

"ఎడమకి తిరిగితే ఎడమ లైటు, కుడికైతే కుడి లైటు. మరి కూడలిలో నేరుగా పోతే? ఇదిగో, ఈ ఎర్ర ముక్కోణం నొక్కు. నాలుగు లైట్లూ కొట్టుకుంటాయి. నేను ఎటూ తిరగనూ అని చెప్పినట్టు."

ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. తనకే తోచింది, తనకే ముద్దొచ్చింది.

కూతురు మాత్రం ఒప్పుకునేది కాదు. "బండి చెడి రోడ్డు మీద ఆగిపోతే వేసేవి నాన్నా అవి. నడుస్తూ వేసేవి కావు."

"నీకు స్టీరింగు పట్టించిందెవరే? నాకు చెప్పొచ్చావు."

ఆ పొద్దున మనవరాలిని బడిలో దింపాలని ముగ్గురూ బయల్దేరారు. కూతురు నడుపుతోంది. మాస్టారు ఎడమ సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ లేని బ్రేకు మీద కాలు ఆనించారు. సరిగ్గా ఆయన వీపు వెనక ఏడేళ్ల పిల్ల.

కూడలిలో వాళ్లు కుడికి తిరగాలి. ఎడమ రోడ్డు మొదట్లో సామాను దించుతూ లారీ ఒకటి ఆగి ఉంది. దాని చాటు నుంచి కూడలి వైపు ఒక కారు వస్తోంది. లారీ అడ్డం కావడంతో కారు ముఖం సగమే కనబడుతోంది. ఆ సగంలో ఎడమ లైటు కొట్టుకుంటోంది.

కూతురు బండి ఆపింది.

"పోనీవే, వాడు ఎడమకి తిరుగుతున్నాడుగా."

"తిరగనీ నాన్నా."

"లైటు కనబడట్లేదూ? వెనకవాడు హారన్‌తో చెవులు కోసేస్తున్నాడు. పో."

పోనిచ్చింది. ఆ కారు తిరగలేదు.

ఇనప బీరువా మేడ మీంచి పడ్డట్టు చప్పుడైంది. బండి గిర్రున సగం తిరిగి, కూడలి నడిబొడ్డున ఆగింది. వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది. వెనక్కి తిరిగి చూడడానికి మాస్టారికి మెడ రాలేదు.

"తల్లీ," అన్నారు ముందుకే చూస్తూ. "ఏదో ఒకటి మాట్లాడమ్మా."

కూతురు వెనక్కి తిరిగింది. ఆమె ముఖం వైపు చూసే ధైర్యం కూడా ఆయనకి లేకపోయింది.

"తాతా," అంది పిల్ల చాలాసేపటికి, "నా బూటు ఇరుక్కుపోయింది."



అవతలి కారులోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. బట్టల కొట్టు గుమాస్తా. ఆరేళ్ల కిందట ఈయన దగ్గరే నేర్చుకున్నాడు.

"మాస్టారూ, మీరా? నేరుగానే పోతున్నానండీ. నాలుగూ వేసే ఉన్నాయి చూడండి. మీరు చెప్పిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

మాస్టారు చూశారు. ఇప్పుడు లారీ అడ్డం లేదు. వేలాడుతున్న బంపరు పైన రెండు లైట్లూ కొట్టుకుంటున్నాయి.

"నొక్కు నాన్నా," అంది కూతురు, పిల్లని తన వైపు నుంచి బయటికి లాగుతూ. "ఇప్పుడు నొక్కాలి దాన్ని."

ఎర్ర ముక్కోణం మీద వేలు ఆనడానికి మూడుసార్లు పట్టింది ఆయనకి. టిక్కు టిక్కుమంటూ లైట్లు వెలిగాయి.

పిల్లని పేవ్‌మెంటు మీద కూర్చోబెట్టారో లేదో, ఎదుటి రోడ్డు నుంచి తెల్ల కారొకటి కూడలిలోకి వచ్చింది. నేరుగా వస్తోంది. నాలుగు లైట్లూ వేసుకుని. నడుపుతున్నావిడ మాస్టారిని గుర్తుపట్టి నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఆయన రెండు చేతులూ చాపి ఆ కారుకి అడ్డంగా రోడ్డు మీదకి నడిచారు.

"ఆర్పమ్మా," అంటున్నారు. "తప్పు చెప్పాను. ఆర్పు."