మలుపు దగ్గరి బాణం

కాశిం సాహెబ్ సుద్దదారాన్ని గోడకు అదిమి, వేలితో లాగి వదిలాడు. నీలిగీత పడింది. తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయం కొత్త భవనంలో దారి చూపే రాతలన్నీ ఆయన చేతివే. ఇక ఒక్క బాణం మిగిలింది, రెండో అంతస్తు మలుపులో.

రాసేముందు ఆయన ప్రతి చోటా కాసేపు ఊరికే కూర్చుంటాడు. "జనం యాడ నిలబడి తల గోక్కుంటారో ఆడ రాయాలమ్మా," అన్నాడు మొదటిరోజే, అక్షరాల నమూనా గీసిచ్చిన మహితతో. నమూనాలోని సన్నటి అక్షరాలను ఆయన బొద్దుగా చేసినా ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది.

బొద్దుకు కారణం ఇంట్లో ఉంది. ఆయన భార్య ఉమ్మే సల్మా చదువంతా ఆయన రాతే. పెళ్ళయిన కొత్తలో శ్రీకాళహస్తి గోడలమీద ఆయన సబ్బుల ప్రకటనలు రాస్తుంటే, పక్కన నిలబడి కూడబలుక్కుంటూ నేర్చుకుంది. అచ్చు అక్షరాలు ఇప్పటికీ ఆమెకు కొరుకుడుపడవు. పోయినేడు ఆయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు, ఆస్పత్రిలో మందుల గది వెతుక్కుంటూ శవాల గది దాకా వెళ్ళొచ్చింది. దారి అడిగితే, బోర్డు కనపడలేదా అని కసిరారట. అప్పటినుంచి గడప దాటాలంటే బెరుకు. ఆ బెరుకు పోగొట్టాలని ముసలాయన పంతం. అంత పిచ్చిప్రేమ.

పొద్దున ఫోన్‌లో ఆమెకు చెప్పాడు. "సద్ది నువ్వే తీసుకోని రా. గేటుకాణ్ణించి నా రాత సూసుకుంటా రా. ఎవుర్నీ అడగబాక."

"తప్పిపోతే?"

"పోవులే. నేనుండా గదా."

ఇప్పుడు మధ్యాహ్నం కావస్తోంది. బాణం లేకపోతే ఆమె ఈ మలుపులోనే నిలబడిపోతుంది. ఎడమచెయ్యి లాగుతోంది, మెడంతా చెమట. అయినా ఆగలేదు. చెయ్యి కదలకుండా గోడకు అడ్డంపెట్టుకునే చేతికర్రమీద మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి బాణం మొన దిద్దాడు. అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగుంది. బాణం చూపే వైపు నడిచి, అక్కడి బల్లమీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

మెట్లమీద చెప్పుల చప్పుడు. ఉమ్మే సల్మా మలుపులో ఆగి, తడి ఆరని బాణాన్ని చూసి అటు తిరిగింది. క్యారియరు ఆయన పక్కన పెట్టింది.

"సూస్తివా, ఎవుర్నీ అడగలా," అంది గర్వంగా.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని కొంగుతో నుదుటి చెమట తుడిచింది. నుదురు చల్లగా తగిలింది.

ఆమె కేక విని మహిత పరుగున వచ్చింది. పనివాళ్ళు నలుగురు కలిసి ఆయన్ను కిందికి మోసుకెళ్ళారు. ఇటు రమ్మని మహిత ఆమె చెయ్యి పట్టుకోబోతే, ఉమ్మే సల్మా మెల్లగా విడిపించుకుంది.

"దావ నాకు తెలుసమ్మా. ఆయన రాసిపెట్టుండాడు."

బల్లమీద క్యారియరు మూత తియ్యకుండానే ఉండిపోయింది, అడుగున ఇంకా వెచ్చగా.