జానెడు నల్లమట్టి

వైశాఖం సగం దాటింది. నడిమివలసలో గెత్తం, అంటే పశువుల ఎరువు, ఉన్న కొద్దిమందీ ఎవరిది వాళ్లు బళ్లకెత్తి పొలాలకు తోలేసుకున్నారు. అప్పలసూరి ఇంటి వెనక కుప్ప మాత్రం కదల్లేదు. రెండు ఆవులు, ఒక గేదె ఏడాది పొడుగునా వేసిన పేడ, శాల తుడిచిన చెత్త, పొయ్యిలో బూడిద అన్నీ కలిసి కుళ్లి, నల్లగా, పొడిపొడిగా, వాసన కూడా లేకుండా తయారై ఉంది. తోలడానికి బావమరిది గోవింద్ ట్రాక్టరు ఉంది. రావలసింది ఒక్క మాటే.

ఆ మాట జగన్నాధం చెప్పాలి. పొలం ఆయనది. శ్రీకాకుళంలో, అరసవల్లి గుడికి పోయే రోడ్డు మీద ఆయనకో లాడ్జీ, దాని పైన కాపురముండే మేడా ఉన్నాయి. ప్రతి ఉగాదికీ అప్పలసూరి వెళ్లి కనిపించడం, "ఈ ఏడు కూడా నువ్వే సేసుకో సూరీ" అని ఆయన అనడం అలవాటు. ఈ ఉగాదికి మాత్రం "సూద్దాంలే" అన్నాడు. అంతే అన్నాడు.

అప్పటినుంచి అప్పలసూరికి కాలు నిలవడం లేదు. పొద్దున్నే పొలానికి వెళతాడు. చెయ్యడానికి పనేమీ లేక గట్టు చుట్టూ తిరిగి వస్తాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతాడు. మళ్లీ పొలానికే.

"ఎక్కడికెల్తన్నావు మావా ఈ ఎండలో?" అని భార్య నీలవేణి అడిగితే, "ఊరికే" అంటాడు.

అది గెడ్డ అనే వాగు పక్కనున్న ఎకరన్నర. అందరూ గెడ్డవార పొలం అంటారు. అతని చేతికి వచ్చేనాటికి అందులో నాగలి దిగేది కాదు. అంతకుముందు ఏడాదికొకరు కౌలుకి చేశారు. మరుసటేడు ఉంటుందో ఉండదో తెలియని పొలానికి గెత్తం ఎవరు వేస్తారు? యూరియా చల్లుకుని, పండినంత కోసుకుని పోయేవారు. మొదట్లో రెండు బస్తాలు చల్లితే వచ్చే పచ్చదనం తర్వాత తర్వాత నాలుగు చల్లినా రాలేదు. తడిస్తే బంక, ఎండితే పెంకు. వాన పడిన మూడోనాటికి నీళ్లు మాయం.

అప్పలసూరి యూరియా పూర్తిగా మానలేదు, తగ్గించాడు. ఇంట్లో గెత్తం చాలకపోతే అత్తవారి ఊరినుంచి తోలించాడు. ఎండల్లో జనుము చల్లి, పూతకు రాకముందే కలియదున్నేశాడు. మొదటి రెండేళ్లూ పక్కవాళ్లకన్నా తక్కువే పండింది. నవ్వారు. తర్వాత మట్టి రంగు మారడం మొదలైంది. పాదం మోపితే మెత్తగా దిగేది. గడ్డ పగలగొడితే వానపాములు కదిలేవి. వరి కోసేశాక ఆ చెమ్మలోనే మినుము పండేది. నిరుడు భాద్రపదంలో వాన మొహం చాటేసినప్పుడు చుట్టూ మడులు నెర్రెలు విచ్చాయి. గెడ్డవార పొలంలో వరి మాత్రం తలెత్తుకునే ఉంది. అది చూడటానికి పై ఊళ్లవాళ్లు కూడా వచ్చారు.

ఇప్పుడు వేసే గెత్తం ఈ ఒక్క పంటతో అయిపోదు. మూడేళ్లపాటు పెడుతూనే ఉంటుంది. మడి తనదైతే ఈపాటికి వేసేసి ఉండాలి. తనది కాకపోతే వేసిందంతా ఎవరికో ధారపోసినట్టు. తొలకరి వస్తే బండి మడిలోకి దిగదు, ఆ ముచ్చటా ఉండదు.

ఒక మంగళవారం గోవింద్ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"బావా, జగన్నాధం గారూ, ఆయన కూతురూ వచ్చినారు నిన్న. గెడ్డవారకీ, ఆలదే ఆ మెరక పొలానికీ కూడా ఎల్లినారు. ఆ పాప రెండుచోట్లా మట్టి తవ్వి సంచుల్లో కట్టీసి పట్టికెల్లినాది."

"నాకు కబురెట్టలేదేటి?"

"నాకేటి తెల్సు బావా. సూసినాను, సెప్పినాను."

వారం రోజులు కబురు కోసం చూసి, అప్పలసూరి బస్సెక్కి అరసవల్లి వెళ్లాడు. లాడ్జి ముందు ఆటోలవాళ్లు గుడికొచ్చిన జనం కోసం కేకలేస్తున్నారు. మేడమీద జగన్నాధం పేపరు చదువుకుంటూ కనిపించి, "రా సూరీ, కూకో" అన్నాడు గాని కళ్లు పేపరు మీదనుంచి తీయలేదు. అసలు మాట కూతురే చెప్పింది. ఆమె పేరు అనూరాధ. విశాఖలో కంపెనీ ఉద్యోగం చేసి మానేసి, సేద్యం చేస్తానని తండ్రి దగ్గరకు వచ్చేసింది.

"బాబాయ్, దాపరికం ఎందుకు. గెడ్డవార పొలం ఈ ఏడు నుంచి నేను చేద్దామనుకుంటున్నాను. రెండు పొలాల మట్టీ పరీక్ష చేయించాను. మెరక దాంట్లో సేంద్రియ కర్బనం లేనట్టే. నీ దాంట్లో దానికి రెండింతలు పైగా ఉంది. అక్కడ పరీక్ష చేసినాయనే ఎవరు చేస్తున్నారమ్మా ఈ పొలం అని అడిగాడు. నీ పేరు చెప్పాను."

అప్పలసూరికి ఒక్క క్షణం గర్వంగా అనిపించింది.

"మరి నానేటి సెయ్యాలమ్మా?"

"మెరక పొలం తీసుకో. ధనరాజు వదిలేశాడు. కౌలు తక్కువే ఇద్దువుగాని."

ధనరాజు చేసినన్నాళ్లూ అందులో యూరియా తప్ప మరొకటి పడలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. జగన్నాధం అప్పుడు పేపరు దించాడు. "నీ సెయ్యి మంచిది సూరీ. దాన్ని కూడా బాగు సేసీగలవు" అన్నాడు.

మెచ్చుకోలే అది. అప్పలసూరికి మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. లేచి వచ్చేశాడు. బస్సులో సీటు ఉన్నా కూర్చోలేదు.

తర్వాత మూడు రోజులూ అతను ఇంట్లో కుదురుగా కూర్చోలేదు. కొడవలి నూరి పక్కన పడేసేవాడు, మళ్లీ తీసి నూరేవాడు. గెత్తం కుప్ప చుట్టూ తిరిగేవాడు. నాలుగో రోజు తెల్లవారగానే గోవింద్‌ను లేపి, ట్రాక్టరు తియ్యమన్నాడు.

"గెత్తం తోలతన్నావేటి బావా?"

"పార ఇంకోటి అట్టుకో. సెప్తాను."

గెడ్డవార పొలంలో ట్రాక్టరు ఆపించి, దిగి, పైమట్టి తవ్వి తొట్టిలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. గోవింద్ తెల్లబోయాడు.

"ఇదేటి పని బావా? పరాయోల మట్టి."

"మట్టి ఆలదే. అందులో ఏసింది నాది. నాను ఏసిందే నాను తీసుకెల్తన్నాను. మెరకకి తోలీ."

గోవింద్ కూడా పార అందుకున్నాడు. ఇద్దరూ చెమటలు కక్కుతూ తొట్టి నింపారు. మెరక పొలానికి తోలుకెళ్లి కుమ్మరించారు. తెల్లగా, బీటలు వారిన ఆ నేల మీద నల్లమట్టి కుప్ప ఎంత చిన్నగా ఉందంటే, ఎవరో దారిన పోతూ పారబోసినట్టుంది. అప్పలసూరి దాన్ని పారతో నెరిపాడు. నాలుగు మంచాలంత మేర కూడా కప్పలేదు.

తిరిగి గెడ్డవారకు వచ్చి, తవ్వినచోట వంగి చూశాడు. పైన జానెడు నలుపు. దాని కింద పసుప్పచ్చగా, గట్టిగా, తను మొట్టమొదట చూసిన నేలే. పారతో కొట్టాడు. ఖంగుమంది. ఇన్నేళ్ల చాకిరీ ఇంతేనా, జానెడేనా అనుకున్నాడు. ఆ జానెడునీ తనే తవ్వి పారేస్తే ఇక్కడ మిగిలేది కూడా ఆ మెరక లాంటి నేలే. చేతిలో పార బరువెక్కింది. అలాగే ఆ గుంట అంచున చతికిలబడ్డాడు.

నీలవేణి చోడంబలి చెంబుతో వచ్చేసరికి అతనలాగే ఉన్నాడు. ఆమె గుంట చూసింది, ట్రాక్టరు చూసింది, తమ్ముడి మొహం చూసింది. సంగతి అర్థమైంది.

"తాగు" అని చెంబు అందించింది. తాగాక, "ఇప్పుడెల్లి ఆ మట్టి మళ్లీ తెచ్చి ఇందులో ఏసీండి" అంది.

"ఏటే నువ్వు కూడా."

"ఈ మడిలో ఎన్నేళ్లు నాట్లేసే ఉభాలకి వొంగున్నాను నాను? నీకొక్కడికే కడుపు మండతన్నాదేటి? నాకూ మండతన్నాది. అలగని తవ్వీసుకుంటామా? తవ్వి అటేస్తే అక్కడా పండదు, ఇక్కడా పండదు."

"మరేటి సెయ్యమంటావు?"

"ముందు మట్టి తెండి."

గోవింద్ డీజిలు గురించి గొణుక్కుంటూనే ట్రాక్టరు తిప్పాడు. దొరికినంత మట్టి ఎత్తుకొచ్చి గుంట పూడ్చారు. కానీ ఊరన్నాక కళ్లుంటాయి. మధ్యాహ్నానికి కబురు అరసవల్లి చేరింది. జగన్నాధం ఫోనులో అరిచిన అరుపులకు అప్పలసూరి ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

మర్నాడు అనూరాధ ఒక్కతే స్కూటీ మీద వచ్చింది. పూడ్చినచోటు చూసి, వాళ్లింటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నాన్న పోలీసు కంప్లైంట్ ఇస్తానంటున్నారు. నేను వద్దన్నాను. నువ్వే తవ్వావా బాబాయ్?"

"నానే తవ్వినానమ్మా. మళ్లీ నానే పూడ్సినాను."

"ఎందుకలా?"

గుమ్మంలో నిలబడ్డ నీలవేణి మాట్లాడింది.

"ప్రతి ఏడూ నోటిమాటే. ఈ ఏడు అదీ లేదు, సూద్దాం అన్నారు మీ నాన్నగారు. అప్పట్నుంచీ ఈయనిలగే తిరగతన్నాడు, కూడు సరిగ్గా తినడు. మడుంటాదో పోతాదో తెల్వకుండానే గెత్తం ఏసినాం. మట్టి బాగైనాక తీసుకున్నారు. మీ పొలం, మీ ఇష్టం. మెరకది ఇస్తామంటన్నారు గదా, అదీ బాగైనాక తీసుకోరని నమ్మకమేటి? అయిదేళ్లకి కాయితం రాయమను మీ నాన్నగారిని. రాస్తే సేస్తాం. రాయకపోతే ఈ గెత్తం మా దొడ్లో బెండకాయ మొక్కలకేసుకుంటాం."

"నాన్నకి కాగితాలంటే భయం పిన్నీ. కౌలు రాసిస్తే పొలం పోతుందంటారు."

"మాకూ భయమే ఉన్నాది తల్లీ. ఆయనకొక్కడికే కాదు."

"అడుగుతాను. ఇస్తారని మాత్రం చెప్పలేను" అని లేచింది.

వారం గడిచింది. మబ్బులు పట్టడం మొదలైంది. సముద్రం వైపు నుంచి చల్లగాలి వీచినప్పుడల్లా అప్పలసూరి వాకిట్లోకి వచ్చి మబ్బు చూసేవాడు. వాన పడితే గెత్తం కుప్ప నాని, ట్రాక్టరు పొలంలోకి దిగదు. గోవింద్ రోజుకోసారి వచ్చి, "ఏటన్నా తెల్సిందా?" అనేవాడు. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఒకసారైతే తనంతట తనే గంప నింపి మెరక పొలం దాకా మోసుకెళ్లి, గట్టు మీద దింపకుండానే తిరిగి తెచ్చాడు. నీలవేణి చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

చివరికి జగన్నాధమే ఆటోలో దిగాడు, ఒక స్టాంపు కాగితంతో. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"మూడేళ్లు. అయిదు కాదు. ఇదన్నా మా అమ్మాయి పోరు పడలేక. మట్టి జోలికెల్తే ఈసారి ఊరుకోను."

అప్పలసూరి నీలవేణి వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. అతను సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నుంచీ గెత్తం మెరకకు తోలారు. ఆఖరి తొట్టి దించుతుండగా చినుకులు మొదలయ్యాయి.

ఆ ఏడు మెరక పొలం వాళ్లను ఏడిపించింది. నీళ్లు రెండు రోజులు నిలిచేవి కావు. ఊడ్చిన నెలకే ఆకుల మీద తుప్పు మచ్చలు కనబడ్డాయి. జింకు చల్లారు. గెత్తం ఒక్క ఏడాదిలో ఏం చేస్తుంది? ఇష్టం లేకపోయినా అప్పలసూరి యూరియా సంచి విప్పక తప్పలేదు. "మంచాన పడ్డోడికి సెలైను ఎక్కించరేటి. ఎయ్యి. వొచ్చే ఏడు తగ్గిద్దాం" అంది నీలవేణి. కింద గెడ్డవారలో అనూరాధ వరి ఏపుగా, గాలికి అలలు పోతూ ఉండేది. ఆమె యూరియా అసలు ముట్టలేదు. పొద్దున్నే వచ్చి మడిలో దిగి కలుపు తీసేది. అప్పలసూరి మెరక గట్టు మీద నిలబడి అటు చూడకూడదనుకునేవాడు. చూసేవాడు. ఒకరోజు అక్కడ గట్టు తెగి నీళ్లు పోతుంటే పరుగున దిగి, ఆమె వచ్చేలోగా తనే మట్టి వేసి వచ్చాడు.

కోతలకు అతనికి పండింది నిరుటిలో సగం. తినడానికి మిగిలింది, అంతే. మినుము చల్లితే మొలిచి ఎండిపోయింది.

మాఘంలో గొర్రెల దాలయ్య మందను తోలుకుని ఊళ్లోకి వచ్చాడు. రాత్రిళ్లు మంద పడుకున్న పొలానికి దాని పెంటికలే మంచి ఎరువు. ఈ ఊళ్లో ఒక వారం మాత్రమే ఉంటానన్నాడు. అనూరాధా, అప్పలసూరీ ఇద్దరూ అతనికోసం ఒకేసారి వచ్చారు.

"సగం సగం పంచుకుందామా బాబాయ్?" అందామె.

"కుదరదమ్మా. నీ మడికి ఈ ఏడు మంద ఎయ్యకపోయినా పర్వాలేదు. నాదానికి ఎయ్యకపోతే వొచ్చే ఏడు మొక్క కూడా నిలబడదు. నాకు అయిదు రోజులు ఒగ్గెయ్, నువ్వు రెండు తీసుకో."

"సరే. వచ్చే ఏడు మాత్రం నాకు అయిదు" అంది.

"అప్పుడు సూద్దాం" అన్నాడతను. అనేశాక ఆ మాట తన నోట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా మంద మెరక పొలంలోకి దిగింది. గట్టినేల మీద గిట్టలు టకటకలాడాయి. గొర్రెలు పడుకోలేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఉన్నాయి. అప్పలసూరి వాటి వెనకే తిరుగుతూ, ఖాళీగా ఉన్న మూలకు వాటిని మళ్లిస్తున్నాడు.

"కూకో అప్పలసూరీ. కొత్త సోటు గదా, ఒకపూట కుదురుకోవు. ఆటినలగ ఒగ్గెయ్" అన్నాడు దాలయ్య.

"ఆ తూరుపు మూలకి ఒక్కటీ పోనేదు దాలయ్యా" అని, అతను మళ్లీ అటు నడిచాడు.