గిన్నె మీద చెంచా

మార్చి తొమ్మిదిన మధ్యాహ్నం ఆ ఇంట్లో మామా కోడళ్ళు తిన్నవి నోట్లో పెట్టుకోలేని ఉప్పు మోమోలు. పుట్టినరోజులు కూడా గుర్తుండని మామగారికి ఆ తారీకు మాత్రం ఇప్పటికీ మరుపు రాదు.

ఆ ఉదయమూ అన్ని ఉదయాల్లాగే మొదలైంది. ఆయన వంటింటి గట్టు ముందు నిలబడి మైదాపిండి ముద్దను అరచేత్తో అదిమి, మడిచి, మళ్ళీ అదుముతున్నాడు. లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ బతుకంతా గడిపిన మనిషి. ఒంటి బరువును భుజంలోంచి చేతిలోకి దించడం అక్కడే అలవాటైంది. ఓసారి యంత్రం కింద నలిగిన కుడిచేతి చూపుడువేలు మాత్రం కర్రముక్కలా బిగుసుకుపోయింది, వంగదు. అందుకని పిండి కలపడం, చిన్న ఉండలు చేయడం, నడుమ మందంగా అంచులు పల్చగా బిళ్ళలు ఒత్తడం ఆయన పని. బిళ్ళలో కూర పెట్టి, కుచ్చిళ్ళు పోసి, మూతి బిగించడం కోడలి పని. కొడుకు పోయాక ఆ ఇద్దరికీ మిగిలిన సంసారం ఇదే. సాయంత్రానికి బస్ డిపో క్యాంటీనుకు మోమోలు చేరాలి. "ఇస్త్రీ తాత ఇప్పుడు పిండికి ఇస్త్రీ చేస్తున్నాడర్రా" అని వీధిలో నవ్వుకుంటారు. ఆయనా నవ్వుతాడు.

ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ముందురోజు పాల దుకాణం దగ్గర ఒకావిడ ఆయన్ని ఆపింది. రోజూ వీధిలోకి బ్రెడ్డు తెచ్చే వ్యాను డ్రైవరుకి అక్క ఆవిడ.

"బాబాయిగారూ, మా తమ్ముణ్ణి పైఊరి బేకరీకి మార్చేశారు. రేపు సాయంత్రం సామానుతో సహా వెళ్ళిపోతున్నాం. మీ కోడల్ని చేసుకుంటానని అడిగాడు. మామయ్యతో మాట్లాడి చెప్తానంది. చెప్పిందా?"

"ఆఁ" అన్నాడాయన. ఆమె చెప్పలేదు.

రాత్రి చెబుతుందని చూశాడు. పొద్దున్న కాఫీ దగ్గర చూశాడు. ఆమె మాట్లాడలేదు, ఈయన అడగలేదు. ఆమె వెళ్ళిపోతే ఈ ఇంట్లో తనూ గోడలూ మిగులుతారు. ఉండిపొమ్మనడానికి ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు. 'నన్ను ఒంటరివాణ్ణి చేసి పోతావా తల్లీ' అంటే చాలు, ఉండిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. పొద్దుటి నుంచీ ఆ మాట నాలుక కొసన రేగుగింజలా దొర్లుతూనే ఉంది.

పిండి మీద తడిగుడ్డ కప్పి క్యాబేజీ తరగడానికి కూర్చున్నాడు. తరుగులో ఉప్పు చల్లి కాసేపు ఉంచితే నీరు వదులుతుంది. ఆ నీరు పిండేయకపోతే ఆవిరిలో బిళ్ళలు పగిలిపోతాయి. ఎవరు ఉప్పు వేసినా వెంటనే గిన్నె మీద చెంచా అడ్డంగా పెట్టాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. చెంచా ఉంటే ఉప్పు పడ్డట్టు, లేకపోతే పడనట్టు. దానికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆయన ఉప్పు చల్లాడు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో బ్రెడ్డు వ్యాను హారను మోగింది. చేతిలో చెంచా ఉప్పు డబ్బాలో పడేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు కిందికి దిగి దుకాణానికి బ్రెడ్డు ట్రేలు అందిస్తున్నాడు. ఈ కిటికీ వైపు చూడకూడదని మెడ బిగించుకుని మరీ అందిస్తున్నాడు.

ఈలోగా కోడలు ఆవిరి గిన్నెలు కడుక్కొచ్చింది. క్యాబేజీ గిన్నె మీద చెంచా లేదు. ఉప్పు వేసి, చెంచా అడ్డంగా పెట్టింది. మామగారు తిరిగొచ్చి ఆ చెంచా చూసి, తానే పెట్టాననుకుని, తరుగుని గుడ్డలో వేసి పిండేశాడు.

కోడి కైమా, ఉల్లికాడలు, అల్లం కలిపారు. ఆయన బిళ్ళలు ఒత్తుతుంటే ఆమె మడుస్తోంది. మామూలుగా ఆ వేళకు వంటింట్లో కబుర్లుంటాయి. ఆ రోజు అప్పడాల కర్ర గట్టుకు తగిలే చప్పుడే. ఆమె పెదవి ఒకసారి కదిలింది. ఆయన కర్ర ఆగింది. ఆమె "నూనె అయిపోవస్తోంది" అంది. "తెద్దాం" అన్నాడు. కర్ర మళ్ళీ కదిలింది.

కాసేపటికి ఆయనకు నిజంగానే చిన్న దగ్గు వచ్చింది. దాన్ని ఉన్నదానికంటే గట్టిగా, గుండెల్లోంచి వస్తున్నట్టుగా దగ్గాడు. ఆమె చేతిలోది వదిలేసి మంచినీళ్ళు తెచ్చింది. ఆ ముఖంలో భయం చూసి ఆయన తల దించుకున్నాడు. గొంతులో ఏ ఇబ్బందీ లేకపోయినా గ్లాసు ఖాళీ చేశాడు. ఆ నీళ్ళు సిగ్గులా దిగాయి.

రోజూ ముందు ఒక్కటి ఆవిరి పట్టి, రెండు చేసి, చెరో సగం రుచి చూస్తారు. ఆ రోజు ధ్యాస లేక ఒక పళ్ళెం నిండా మడిచేశాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. ఉడికినదాన్ని విరిచి సగం ఆయనకిచ్చింది. నోట్లో పెట్టుకున్నారు. ఇద్దరి ముఖాలూ ఒకేసారి ముడుచుకున్నాయి.

"సముద్రం" అన్నాడాయన.

"ఉప్పు నేనే వేశాను మామయ్యా."

"నేనూ వేశాను."

"గిన్నె మీద చెంచా లేదుగా!"

"పెట్టడం మర్చిపోయానమ్మా."

"మీరా? నేను మర్చిపోతే మూడు రోజులు దెప్పే మీరు మర్చిపోయారా?" అంది నవ్వబోతూ. నవ్వు సగంలో ఆగింది. ఆయన ముఖంలోకి చూసి, చేతి పిండి నెమ్మదిగా దులుపుకుంది. "ఎవరు చెప్పారు?"

"అతని అక్క."

పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. ఆమె మంట తగ్గించింది.

"రోజూ చెప్దామనే అనుకుంటాను. మీరు పిండి కలిపి నా కోసం ఎదురు చూస్తుంటారు కదా, అది చూస్తే నోరు రాదు. మీరు వద్దంటే వద్దు మామయ్యా. సాయంత్రం అదే చెప్పేస్తాను. నాకేం బాధ లేదు."

ఆ ఆఖరి మాట అంటూ ఆమె గోడ వైపు తిరిగింది. ఆయన నాలుక మీది మాట పళ్ళ దాకా వచ్చింది. ఇంత తేలిగ్గా చేతికందుతుందని అనుకోలేదు. అప్పడాల కర్రని అటూ ఇటూ దొర్లించాడు.

"నువ్వు అతన్ని ఇష్టపడ్డావా?"

ఆమె గోడ వైపే తిరిగి తల ఊపింది.

"అయితే నన్నడుగుతావేంటి? ముందు ఈ ఉప్పు సంగతి చూడు. డిపో వాళ్ళు మనల్ని చితకబాదుతారు."

మిగిలిన కూరలో రెండింతలు పచ్చి క్యాబేజీ, కైమా కలిపి, ఊరిన నీరు వార్చేసి ఉప్పు విరిచారు. అప్పటికే మడిచిన పళ్ళెం పారేయడానికి మనసొప్పక సగం మధ్యాహ్న భోజనం చేసుకున్నారు. ఒక మోమో, ఒక గ్లాసు నీళ్ళు. నాలుగో గ్లాసుకి ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయనకూ వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి ఇద్దరికీ ఒక సాకు దొరికింది.

కూర పెరిగింది కాబట్టి బిళ్ళలూ పెరిగాయి. పొద్దు వాలే దాకా నడుం ఎత్తలేదు. ఆఖరి గిన్నె దించుతుండగా వాకిట్లో వ్యాను ఆగింది. అక్క ముందు సీట్లోనే కూర్చుంది. డ్రైవరు లోపలికొచ్చి గుమ్మం పక్కన ఒదిగి నిలబడ్డాడు. ఉతికిన చొక్కాయే, కాలరు మాత్రం నలిగి ఉంది. మామగారి కళ్ళు ముందు అక్కడికే పోయాయి.

"కూర్చో బాబూ" అని, మిగిలిన ఉప్పు మోమోల పళ్ళెం అతని ముందు పెట్టాడు. కోడలు "మామయ్యా!" అంది. ఆయన వినిపించుకోలేదు.

డ్రైవరు ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ ఆగాడు. కోడలి వైపు చూశాడు.  అతను మింగాడు.

"ఉప్పెక్కువైందండీ" అన్నాడు. "కాసిని మంచినీళ్ళిప్పించండి."

నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, రెండోది తీసుకున్నాడు.

"ఎక్కువైందన్నావుగా, మళ్ళీ ఎందుకు తింటున్నావ్?" అన్నాడు మామగారు.

"ఎవరో కూర్చుని మడిచారు కదండీ."

అతను రెండోది మింగేదాకా మామగారు ఆగాడు. తర్వాత కోడలితో, "అబద్ధమూ ఆడలేదు, పళ్ళెమూ వదల్లేదు. బట్టలు సర్దుకో తల్లీ" అన్నాడు.

ఆమె కదల్లేదు. "రేపు మడతలెవరు వేస్తారు?"

"పక్కింటి పిన్ని నేర్పమని ఎన్నాళ్ళ నుంచో ప్రాణం తీస్తోందిగా. ఆవిడ మడత ఎంత వంకరైనా ఆవిరికేం తెలుస్తుంది?"

"మీరూ మాతో వచ్చేయండి సార్" అన్నాడు డ్రైవరు.

"ముందు మీ ఇద్దరి మధ్యా ఉప్పు సర్దుకోనీ. తర్వాత చూద్దాం. ఇదుగో, దారిలో ఈ డబ్బాలు డిపోలో దింపేసి వెళ్ళు. నువ్వు పెళ్ళికొడుకువని వాళ్ళు ఆగరు."

ఆమె సర్దుకున్నది ఒక్క సంచీ. వాకిట్లో ఆయన వంగని వేలిని ఒకసారి గట్టిగా పట్టుకుంది.

"ఆదివారమే పెళ్ళి అంటోంది వాళ్ళక్క. తప్పకుండా రావాలి."

"రాక? అతని చొక్కా ఇస్త్రీ ఎవరు చేస్తారనుకున్నావ్?"

ఆమె నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ, అక్క పక్కన ఎక్కి కూర్చుంది. వ్యాను మలుపు తిరిగింది. ఈసారి హారను మోగలేదు.

ఆయన లోపలికొచ్చి గట్టు తుడిచాడు. గిన్నెలు బోర్లించాడు. పక్కింట్లోంచి పిన్ని, "బాబాయ్, రేపు ఎన్నింటికి రమ్మంటావ్?" అని గోడ మీంచి కేకేసింది. ఎవరు చెప్పి వెళ్ళారో ఆయన అడగలేదు. "పొద్దున్నే రామ్మా" అని జవాబిచ్చాడు. గొంతు మామూలుగానే పలికినందుకు కాస్త ఆశ్చర్యపోయాడు.

దీపం తగ్గించి వీధి తలుపు దగ్గరకు నడిచాడు. రెక్కలు చప్పుడు కాకుండా దగ్గరికి చేర్చి గడియ పెట్టాడు. తలుపు మూలన ఆమె ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులున్నాయి. మడమల దగ్గర అరిగి, పట్టీల మీద పిండి ఎండిపోయి, ఇప్పుడే ఎవరో లోపలికి వచ్చి విడిచినట్టు వంటింటి వైపు తిరిగి ఉన్నాయి.