బెల్లం గోదాములో ముట్టడి

మేడారం జాతరకు సెలవు కావాలని హమాలీలం అడిగితే, మా బెల్లం దుకాణం సేటు రాంచందర్ చరిత్ర ఎత్తుకున్నాడు. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి, వినక తప్పలేదు.

"కష్టమొస్తే కాకతీయ రాజులు ఏం జేసిండ్రు? కోట తలుపులు మూసిండ్రు," అంటూ మమ్మల్ని గోదాములోనే ఉంచి బయట తాళం వేశాడు. జాతర అయ్యేదాకా లారీలకు సరుకెత్తుతామని ఒప్పుకుంటేనే తీస్తాడట. బిడ్డ జ్వరం తగ్గినందుకు సమ్మక్కకు తీర్చాల్సిన మొక్కు నాది. అది తప్పితే జ్వరం మళ్ళీ వచ్చేది సేటింటికి కాదు.

తోటి హమాలీ మొగిలయ్య బస్తా విప్పి ఒక బెల్లం ముద్ద కొరికాడు. అందరం తలా ఒకటి తీసుకున్నాం.

సేటు కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏం జేస్తాన్రురా?"

"కోటల ఉన్నోళ్లం గద సేటూ," అన్నాడు మొగిలయ్య నములుతూ. "లోపట తిండి ఉన్నన్ని దినాలు లొంగం. ఫికర్ జెయ్యకుండ్రి, శానా ఉన్నది."

సేటు బస్తాల వంక చూశాడు, మా దవడల వంక చూశాడు. తాళం తీశాడు.

"పోండ్రి. జర మూతులు తుడుచుకోని పోండ్రి."

"మరి లారీ?" అన్నాను.

"రాజులు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చొక్కా విప్పి తానే బస్తాకు చెయ్యేశాడు. మేం వీధి మలుపు తిరిగేదాకా చూశాం, అది నేల విడవలేదు.