‘ఏటి’ అనొద్దన్నాను

మా అమ్మకు ఫోన్లో రెండు రోజులు తెలుగు నేర్పాను. నవ్వకండి, నిజంగానే నేర్పాను.

“‘ఏటి’ అనకు, ‘ఏమిటి’ అను. ‘సేప’ కాదు, ‘చేప’. ‘కూడు’ అన్నావంటే మళ్లీ ఇంటికి రాను. ‘భోజనం’ అనాలి.”

“అలాగేలే. ఇంతకీ ఆ గుంటకి తెలుగొచ్చా ఏటి?” అంది అమ్మ.

“చూశావా, మళ్లీ ఏటి!” అని అరిచాను.

గుంటంటే మావైపు ఆడపిల్ల. ఆ గుంట పేరు గౌతమి. విశాఖలో మా హాస్టల్లో నా పక్క గది. స్కాలర్‌షిప్ మీద బర్మా నుంచి వచ్చి రెండేళ్లుగా చదువుకుంటోంది. పేరు మన పేరులా ఉంటే ఏముంది, బర్మావాళ్లకూ బుద్ధుడున్నాడు కదా అనుకున్నాను తప్ప ఇంకేమీ అడగలేదు. ముఖం చూస్తే మనవైపు పిల్లలా ఉండదు. మాట్లాడితే ఇంగ్లీషే, అదీ అవసరమైతేనే. కానీ మనం మాట్లాడేది తెలుస్తుంది. హాస్టల్ టీవీలో తెలుగు సినిమా చూస్తూ నవ్వాల్సిన చోట నవ్వుతుంది.

ఆ నవ్వే నా భయం. సినిమాల్లో మా సోంపేటవైపు యాస పెట్టేది నవ్వించేవాళ్లకే కదా. నేను విశాఖ వచ్చిన మొదటి నెలలోనే నా మాట మార్చేసుకున్నాను. ఏ ఊరని ఎవరడిగినా “వైజాగే” అంటాను. మూడేళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. మా అమ్మ ఒక్కసారి నోరు విప్పితే ఆ కష్టమంతా గంగలో కలిసి, సోమవారానికి హాస్టలంతా తెలిసిపోతుంది. ఇది సిగ్గుపడాల్సిన విషయమా అంటే కాదు. అయినా సిగ్గుపడ్డాను, ఏం చెయ్యను.

అసలు గౌతమిని పిలిచింది నేను కాదు. మార్చిలో రెండో శనివారం, ఆదివారం మెస్ మూసేస్తున్నామని నోటీసు పెట్టారు. “మీ ఇంటికి నేనూ రావచ్చా?” అని తనే ఇంగ్లీషులో అడిగింది. ఏ మొహం పెట్టుకుని కాదంటాను?

సోంపేటలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని, జీడితోటల మధ్య నుంచి జలంత్రకోట చేరాం. అమ్మ మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పేరు బంగారమ్మ. నోరు కూడా అంతే, ఎప్పుడూ తళతళలాడుతూ ఉంటుంది. ఆ రోజు మాత్రం రెండు చేతులూ జోడించి, రేడియోలో వార్తలు చదువుతున్నట్టు, “రండి రండి. మీ ప్రయాణము సుఖముగా జరిగినదా?” అంది.

మా నాన్న కూర్మారావు అప్పటికే తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఈ పరీచ్చ నావల్ల కాదే తల్లీ, నాను తోటలో ఉంటాను” అని నా చెవిలో చెప్పి జారుకున్నాడు.

చాపలు వేసి మా ఇద్దరికీ వడ్డించింది అమ్మ. పచ్చి జీడిపప్పు వేసిన కోడికూర, వంకాయ వేపుడు, వీటితోపాటు కవళ్ల పులుసు. చేతి వేలంత చేపలవి, ఒళ్లంతా ముళ్లు. పరాయి దేశం పిల్లకు అవి వద్దని మరీ మరీ చెప్పాను. సముద్రం పక్కన ఉండి చేప పెట్టకపోతే ఎలాగని ఆ ఒక్క విషయంలో అమ్మ నా మాట వినలేదు.

“ఇంకొంచెము... అన్నము... వడ్డించమంటారా?” అమ్మ ఒక్కో మాటకీ ఆగి, నావైపు చూసి, తప్పు లేదనిపించాక తర్వాతి మాట అంటోంది. ముగ్గు పెడుతూ నాలుగిళ్లవాళ్లతో ఒకేసారి మాట్లాడే మనిషి, తన ఇంట్లో తనే కొత్త కోడలిలా బిక్కుబిక్కుమంటోంది. చూస్తుంటే నాకే కష్టంగా ఉంది. అయినా ఆపమనలేదు. గౌతమి తల వంచుకుని తింటోంది, అడిగినప్పుడల్లా “థాంక్యూ ఆంటీ” అంటోంది. ముగ్గురు ఆడవాళ్లం ఉన్న ఇంట్లో గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పులుసు కలుపుకుని రెండో ముద్ద పెట్టుకుందో లేదో గౌతమికి పొలమారింది. దగ్గింది. మళ్లీ దగ్గింది. గొంతు పట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో నావైపు చూసింది.

అమ్మ గరిటె అక్కడే పడేసింది.

“ఓలమ్మో! ఏటయిపోనాదే! ముల్లు గుచ్చీసుకున్నాదా? తనూజా, అలా సూత్తావేటే! ఉత్త కూడు ముద్ద సెయ్యి, బేగి! నమలకు గుంటా, మింగీ. మింగీ నా తల్లి!”

నేను ముద్ద కట్టేలోపే తనే కట్టి గౌతమి నోట్లో పెట్టేసింది. వీపు నిమురుతూ ఇంకో ముద్ద పెట్టింది. ఈ పిల్లకు ఇక్కడ ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా నాకు తెలియదు. సోంపేట ఆసుపత్రికి ఆటో దొరుకుతుందా లేదా అని లెక్కలు వేస్తున్నాను. గౌతమి కళ్లు మూసుకుని మింగింది. గొంతు తడుముకుంది.

“దిగీపోనాదమ్మా” అంది.

నేను నీళ్ల గ్లాసుతో నిలబడిపోయాను. అమ్మ ఇంకా ఆ గాబరాలోనే ఉంది.

“దిగీపోనాదా? గొంతుకలో ఇంకేటీ నేదు గదా?”

“నేదమ్మా. ఏటీ నేదు.”

అప్పటికి అమ్మకూ వెలిగింది. గౌతమి ఒకపక్క ఏడుస్తూ ఇంకోపక్క నవ్వుతోంది.

“మా మామ్మా ఇలాగే ఎట్టేదమ్మా ముద్ద. ఇలాగే అరిసీది” అంది. మామ్మంటే వాళ్ల నాన్నగారి అమ్మ. గౌతమిని పెంచింది ఆవిడే. ముఖం మాత్రం బర్మా ఆవిడైన వాళ్ల అమ్మది. “మా పెద్దోళ్లది సోంపేట కాడ ఊరంట. ఏ ఊరో మామ్మకీ తెల్దు. తనూజ బస్సు టికెట్టు మీద సోంపేటని సూసి ఇక్కడికొత్తానన్నాను.”

“రంగం ఎల్లిపోనోళ్ల పిల్లవేటే!” అని అమ్మ రెండు చేతులతో ఆమె బుగ్గలు పట్టుకుంది. బర్మాను మావైపు పెద్దవాళ్లు రంగం అనే అంటారు.

“మరి ఇన్నాళ్లూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదేం?” అన్నాను నేను. కొంచెం కోపంగానే అన్నాను.

“తొలి రోజు మాటాడినాను. మెస్సులో పళ్లెం పట్టుకుని ‘కూసింత కూడెట్టండి’ అన్నాను. లైనంతా నవ్వీసినారు. మామ్మ నాకు తప్పు తెలుగు నేర్పీసిందనుకున్నాను. ఆ రోజు కాడనించి నోరు మూసీసినాను.”

“తప్పేటే, తప్పు! ఎవులే ఆ నవ్వినోళ్లు?” అని అమ్మ లేచింది, వాళ్లు మా వాకిట్లోనే ఉన్నట్టు.

ఆ రోజు నాకు గుర్తుంది. లైన్లో నేనూ ఉన్నాను. ముందు ఎవరో అన్న మాట వినిపించిందే గాని మనిషి కనిపించలేదు. అందరికంటే ముందు నవ్వింది నేనే. నవ్వకపోతే నాదీ అదే మాటని తెలిసిపోతుందని భయం.

“నేనే” అన్నాను.

అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. గౌతమి నావైపు తిరిగింది. నా కళ్లలో నీళ్లు చూసిందేమో, మెల్లగా నవ్వు మొహం పెట్టింది.

“నీకంటే నాకు బాగొచ్చని కుళ్లుకున్నావేటి?”

“ఏటి సెయ్యనే, బయమేసీసింది” అన్నాను. అనేశాక గాని తెలియలేదు, ఎలా అన్నానో. మూడేళ్లు బిగించి కట్టుకున్నదేదో వదులైంది. హాయిగా ఊపిరి పీల్చుకుని ఏడ్చాను.

మా గోల తోటదాకా వినిపించిందేమో, నాన్న గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఏటే ఆ అరుపులు? ఇంగ్లీసు గుంట ఎల్లిపోనాదా?”

“నేదు బాబూ, ఇక్కడే ఉన్నాను. రండి, కూడు సల్లారిపోతంది” అంది గౌతమి. నాన్న చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చేశాడు. అమ్మ తిట్టిన తిట్లలో అప్పటిదాకా పట్టిన మౌనమంతా తీరిపోయింది.

సోమవారం మధ్యాహ్నం మెస్సులో లైన్లో ముందు నేను నిలబడ్డాను.

“కూసింత కూడెట్టు బాబూ” అన్నాను.

వెనక ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. వడ్డించే ఢిల్లీబాబు మూడేళ్లలో మొదటిసారి తలెత్తి నా ముఖం చూశాడు. “ఏ ఊరమ్మా మీది?” అన్నాడు.

“జలంత్రకోట.”

నా భుజం మీదుగా ఇంకో పళ్లెం ముందుకొచ్చింది.

“నాకూ ఎట్టు” అంది గౌతమి. “నాదీ ఆ పక్కే.”